తెరచాప బాకీ

భావనపాడులో ఆ రాత్రి బొమ్మెయ్యడానికి గుడ్డ లేదు.
మా తెల్లగుడ్డని నౌపడ స్టేషన్లోనే ఎలకలు కొట్టేశాయి.
గణగళ్ల కొర్లమ్మ వాళ్లయ్య తెరచాప అద్దెకిచ్చింది.
"పదేను రూపాయలు. పోతే నూటేబై" అని
వేలు చూపించి మరీ.

సరుగుడు గుంజల మధ్య బిగించి కట్టాను.
చాపకి మూడు మాసికలు.
హీరోయిన్ దగ్గరగా వచ్చినప్పుడల్లా
ఒకటి సరిగ్గా బుగ్గ మీద పడేది.

ఓడ మునిగింది.
కోటీశ్వరుడి కూతురూ, ఓడలో గిన్నెలు తోమేవాడూ
ఒకే దీవికి కొట్టుకొచ్చారు.
ఆమెకి కాఫీ కావాలి,
వాడికి ఆమె నోరు మూతపడాలి.
టెక్కలిలో ఇక్కడ ఈలలు పడ్డాయి.
భావనపాడులో తగువులు పడ్డాయి.
"నాలుగ్రోజులు ఉప్పునీట్లో నానితే పౌడరు ఉంటాదేటి?"
"కొబ్బరిచెట్టెక్కీసినాడు సరే,
ముందర మంచినీళ్లు ఎతకడేటి ఈ గుంటడు?"
మూడుసార్లు పడవ బోల్తా కొట్టి బతికిన దానయ్య తాత
పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.
మునగడంలో ఇంత సుఖం ఉందని
ఆయనకెవరూ చెప్పలేదు.

ఐదో రీలు.
వాడు ఆమె అరికాల్లో ముల్లు తీస్తున్నాడు.
చంటిపిల్లలు కూడా ఏడవలేదు.
పడమటి గాలి అప్పుడే తిరగాలా!
గుంజలు పెకిలి చాప లేచిపోయింది.
హీరో మొహం సరుగుడు కొమ్మల్లో చిక్కింది,
హీరోయిన్ అరికాలు కొర్లమ్మ వీపు మీద ఆడింది.
ఆ వీపు అప్పటికే పరిగెడుతోంది.

"నూటేబై!" అని అరుస్తూ తెప్ప నెట్టింది.
బాకీ నాది గనక నేనూ ఎక్కాను.
ఆమదాలవలస వాణ్ణి,
చక్కెర ఫ్యాక్టరీ కూత తప్ప హోరు ఎరగను.
తెడ్డు నా చేతికిచ్చింది.
ఆమె జీవితంలో చేసిన తప్పు అదొక్కటే.

మొగలో ఇసకదిబ్బ మీద పడ్డాం, తెడ్డు లేకుండా.
పోటు తెల్లారగట్ల గాని రాదంది.
ఒడ్డు కేకేస్తే వినిపించేంత దూరం.
నేను చొక్కా విప్పి ఊపాను, సినిమాలోలాగ.
"ఏటోయ్, రెండో ఆట అక్కడా?" అని
ఊరంతా నవ్వి ఇళ్లకి పోయింది.

రెండు పుల్లలు రాపాడించి నిప్పు చేస్తానన్నాను.
ఆమె రొంటినుంచి అగ్గిపెట్టె తీసింది,
చుట్ట ముట్టించి, నిప్పుకొస నోట్లో పెట్టుకుని
అడ్డపొగ లాగుతూ నన్ను చాలాసేపు చూసింది.
తెరంటే బొమ్మ పడేదనుకునేవాణ్ణి.
ఆమెకి తెరంటే కెరటం.
ఇద్దరి తెరా ఒక్కటే ఆ రాత్రి పోయింది.

"ముల్లు తీసినాక ఏటయింది?"

నలబయ్యొక్కసార్లు చూసిన సినిమా.
తండ్రి హెలికాప్టర్ వస్తుంది. ఆమె ఎక్కుతుంది.
వాడు కొబ్బరిచిప్ప పట్టుకుని నిలబడతాడు.
నోరు రాలేదు.
"అక్కడే ఉండిపోయారు" అన్నాను.
"అబద్దం. ఏటి తింటారు?"
చేపలన్నాను. "వల ఎక్కడిది?"
ఆమె చీర పీకి అల్లాడన్నాను.
"సిల్కు చీరకి చేప పడుతాదేటి, సచ్చినోడా!"
అలా సినిమాని ఏడుసార్లు ముగించాం.
ఎనిమిదోది సగంలో ఉండగా
నీళ్లు పాదాలకి తగిలాయి.

చాప దొరకలేదు. నా ఉద్యోగమూ ఊడింది.
రీళ్లు పెట్టెలో విజయనగరం వెళ్లిపోయాయి,
నేను వెళ్లలేదు.

మొన్న రాత్రి, ముప్పయ్యేళ్లకి,
ఆ సినిమా టీవీలో వేశారు.
ముల్లు సీను రాగానే రిమోట్ కోసం తడిమాను.
ఆమె దాని మీదే కూర్చుంది.

హెలికాప్టర్ వచ్చింది. ఆమె ఎక్కింది. కొబ్బరిచిప్ప.
కొర్లమ్మ ఏమీ అనలేదు.
"పౌడరు ఇంకా పోలేదు సూడు" అంది చివరికి.
చుట్ట నోట్లో తిప్పుకుని
వేళ్లు మడవడం మొదలుపెట్టింది:
అద్దె పదేను,
చాప నూటేబై,
తెడ్డు...
"తెడ్డు కూడానా?" అన్నాను.
"తెడ్డే ముందు" అంది.